తువాలు కింద సెక్షన్ పదమూడు

సాల్మన్ ఉద్యోగం గుమ్మంలోనే సగం పోయింది. ఒక్క తుమ్ముకి.

పోనీ అది అతని తుమ్మా అంటే అదీ కాదు. వాచ్‌మన్ సైదా తుమ్మాడు. దర్శిలో మొదటి బస్సెక్కి, చిలకలూరిపేటలో దిగి, ఆటోలో హైవే మీద దుమ్మంతా మింగి, కొత్త బూట్లతో లా కాలేజీ గడప మీద కుడికాలు పెట్టబోతుంటే, పక్కనించి ‘హాచ్’ అన్నాడు మహానుభావుడు. సాల్మన్ కాలు గాల్లోనే ఆగిపోయింది.

సాల్మన్ వాళ్ళ నాన్న దర్శిలో బాప్టిస్టు పాస్టరు. శకునాలు చూడ్డం పాపమని ప్రతి ఆదివారం చెప్పే మనిషి. కానీ సాల్మన్‌ని పెంచింది నాయనమ్మ. ఎవరైనా తుమ్మితే కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి మరీ కదలాలని ఆవిడ నేర్పింది. పీహెచ్‌డీ వచ్చినా ఆ అలవాటు పోలేదు.

అందుకని మెట్ల మీద కూర్చుని సీసా మూత తీశాడు. గుక్క గొంతులో ఉండగానే ఒక ఆకుపచ్చ చుడీదారు, భుజాన బరువైన సంచీతో, టకటకా అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాల్మన్ లోపలికి వెళ్ళేసరికి ఆఫీసు గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ ఉన్నాయి. కుర్చీలో ఆ అమ్మాయి ఉంది. అప్పుడే సంచీలోంచి సొంత డస్టరు తీసి బల్ల తుడుచుకుంటోంది.

“ఏమండీ, అది నా కుర్చీ” అన్నాడు సాల్మన్.

“పేరు రాసుందా?”

“నేను కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్నండీ. టీచింగ్, రీసెర్చ్, ఇంటర్నేషనల్ ఔట్‌రీచ్.”

ఆ అమ్మాయి డస్టరు ఆపి తలెత్తి చూసింది. సాల్మన్ చెప్పదలుచుకున్న మిగతా మాటలు ఎటు పోయాయో తెలీదు. అంత పెద్ద కళ్ళతో ఎవరైనా కోపంగా చూస్తే ఏం గుర్తుంటుంది చెప్పండి?

“నేను కూడా అదే. టీచింగ్, రీసెర్చ్, ఇంటర్నేషనల్ ఔట్‌రీచ్. షారోన్, నల్లపాడు. ఇదిగో ఆర్డరు.”

రెండు ఆర్డర్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే పోస్టు, ఒకటే సంతకం. ఇద్దరూ ఒకేసారి, “మోసం!” అన్నారు. గుమ్మంలోంచి ఎవరో పకపకా నవ్వారు.

తెల్లపంచె, భుజాన తువాలు, చెవిలో పెన్ను. ఛైర్మన్ చలమయ్యగారు. లా కాలేజీ పెట్టకముందు ముప్పై ఏళ్ళు గుంటూరు మిర్చియార్డులో కమీషన్ వ్యాపారం చేశాడు.

“మోసమేంటమ్మా! యార్డులో ఎవడైనా ఒక్క టిక్కీ బస్తా చూసి సరుకు కొంటాడా? అందుకని రెండు శాంపిళ్ళు తెప్పించా. పోస్టు మాత్రం ఒకటే. ఇద్దరూ పాఠాలు చెప్పండి, పరిశోధన చెయ్యండి. ఎవరు ముందుగా ఒక ఫారిన్ కాలేజీని తెచ్చి నా గుమ్మంలో నిలబెడితే వాళ్ళకి పోస్టు. రెండోవాళ్ళకి దండేసి గౌరవంగా పంపిస్తా.”

“సార్, మరి ఇంకో కుర్చీ?” అన్నాడు సాల్మన్.

“ఒక పోస్టుకి రెండు కుర్చీలెందుకయ్యా?” అని ఛైర్మన్ వెళ్ళిపోయాడు.

ఆ కాలేజీ గురించి కాస్త చెప్పాలి. ఒకప్పుడది ఛైర్మన్‌గారి కోల్డ్ స్టోరేజీ. ఇప్పుడు కింద క్లాసులు, పైన మాత్రం ఇంకా మిర్చి టిక్కీలే. ఘాటు మెట్ల మీదుగా దిగి క్లాసులన్నీ తిరుగుతుంది. రాజ్యాంగం చెబుతుంటే తుమ్ములు, హత్యానేరం చెబుతుంటే తుమ్ములు. ఆఫీసులో లండన్, న్యూయార్క్, టోక్యో అని రాసిన మూడు గడియారాలున్నాయి. మూడూ చిలకలూరిపేట టైమే చూపిస్తాయి. వేర్వేరు టైములు పెడితే స్టాఫు ఏదో ఒకటి చూసి ముందే ఇంటికి పోతున్నారట.

కాలేజీ పేరు వెంకాయమ్మ మెమోరియల్ లా కాలేజీ. వెంకాయమ్మగారు ఛైర్మన్‌గారి భార్య. నిక్షేపంలా ఉన్నారు. రోజూ మధ్యాహ్నం క్యాంటీన్‌కి వచ్చి పప్పులో ఉప్పు చూస్తారు.

“మంచి కాలేజీలన్నిటికీ మెమోరియల్ అని ఉందని నాకూ పెట్టేశాడమ్మా ఈ మనిషి” అని మొదటిరోజే షారోన్‌తో చెప్పుకున్నారావిడ. “నా ఫోటోకి దండ కూడా వేయించబోతే చీపురు తీశా.”

కుర్చీ గొడవ రెండో రోజుకి ఒక ఒప్పందానికి వచ్చింది. క్లాసున్నవాళ్ళు లేస్తారు, లేనివాళ్ళు కూర్చుంటారు. ఇద్దరికీ క్లాసు లేకపోతే షారోన్ కూర్చుంటుంది, సాల్మన్ కిటికీలో కూర్చుంటాడు. ఈ చివరి షరతు ఎప్పుడు, ఎలా ఒప్పుకున్నాడో సాల్మన్‌కి ఇప్పటికీ తెలీదు.

“మిమ్మల్నొకటి అడగనా?” అంది షారోన్ ఒకరోజు. “పాస్టరుగారబ్బాయి కదా, ఆ రోజు తుమ్ముకి ఆగి కుర్చీ పోగొట్టుకున్నారా?”

“ఆగలేదండీ. దాహమేసింది.”

“సరిగ్గా తుమ్మగానే వేసిందా?”

“మీకు తుమ్ము పట్టింపు లేదా?”

“ఛీ! మా నాన్న లూథరన్ చర్చి పెద్ద. మా ఇంట్లో తుమ్మితే జలుబు మందు ఇస్తారు.”

సరిగ్గా అప్పుడే బయట సైదా తుమ్మాడు. క్లాసుకి లేవబోతున్న సాల్మన్ మళ్ళీ కూర్చుని సీసా అందుకున్నాడు. షారోన్ బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వింటూ నీళ్ళు తాగితే పొలమారింది సాల్మన్‌కి.

పరిశోధన సంగతికొస్తే, సాల్మన్ విషయం సముద్రం అడుగున వేసే ఇంటర్నెట్ కేబుళ్ళు, వాటి మీద దేశాల తగాదాలు. చాలా పెద్ద విషయం. ప్రపంచంలో ఉన్న యూనివర్సిటీలకల్లా మెయిళ్ళు కొట్టాడు. ఒక్క దేశమూ పలకలేదు.

షారోన్ విషయం తువాలు. పాతరోజుల్లో యార్డులో బేరం నోటితో ఆడేవాళ్ళు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ తువాలు కింద చేతులు కలిపి, వేళ్ళతో ధర చెప్పుకునేవాళ్ళు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, గుప్పిట మొత్తం పట్టుకుంటే ఐదు. నచ్చకపోతే చెయ్యి లాగెయ్యాలి, నచ్చితే బొటనవేలు నొక్కాలి. బొటనవేలు నొక్కాక, నలుగురి ముందు ‘కుదిరింది’ అన్నాక, ఇక వెనక్కి పోవడం లేదు. ఎంతకి కుదిరిందో మూడో మనిషి అడక్కూడదు. ఇప్పుడంతా ఆన్‌లైన్ టెండర్లు. కానీ కాగితం లేని ఆ ఒప్పందం చట్టం ముందు ఎంతవరకు నిలుస్తుందన్నది షారోన్ ప్రశ్న.

ఆమె క్లాసుకి వెళ్ళినప్పుడు సాల్మన్ ఆ పేపరు తీసి చదివాడు. పోటీదారు ఏం రాస్తోందో చూద్దామని మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ కేబుళ్ళ సంగతి మర్చిపోయాడు. అంత బాగుంది.

ఇక వాన సంగతి.

ఒక మధ్యాహ్నం కాలేజీ కోర్టు హాల్లో పిల్లలు ఉత్తుత్తి కేసు వాదిస్తున్నారు. షారోన్ జడ్జి. సాల్మన్ రెండో జడ్జి, కిటికీలో. ఉన్నట్టుండి మబ్బు కమ్మింది, గంట గణగణా మోగింది. ఆ గంట మోగితే ఆ కాలేజీలో ఒకటే అర్థం. మైదానంలో ఛైర్మన్‌గారి మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, వాన వస్తోంది!

ముద్దాయి, ప్లీడర్లు, సాక్షులు అందరూ ఒకటే పరుగు. టార్పాలిన్ పట్టాలు లాగి కప్పుతుంటే చినుకులు పెద్దవయ్యాయి. ఒక పట్టాకి చెరో కొస పట్టుకున్న సాల్మన్, షారోన్ గాలికి ఎటూ పోలేక దాని కిందే చతికిలబడ్డారు. పైన వాన, కింద మిరపకాయలు. ఇద్దరి కళ్ళల్లోంచీ నీళ్ళు.

“ఏడుస్తున్నారా?” అన్నాడు సాల్మన్.

“ఘాటండీ బాబూ! మీరు?”

“నాకూ ఘాటే.”

“ఇద్దరు లా ప్రొఫెసర్లం. మిరపకాయలకి కాపలా.” చున్నీతో మొహం తుడుచుకుని, ఇంకా మండేసరికి కెవ్వుమంది. సాల్మన్ గభాల్న సీసా మూత తీసి ఆమె దోసిట్లో నీళ్ళు పోశాడు.

“మొదటిసారి ఈ సీసా ఒక పనికొచ్చింది” అంది మొహం కడుక్కుంటూ.

సాల్మన్ సీసా మూత బిగించాడు. ఆమే మళ్ళీ మాట్లాడింది. “ఈ రెండు జిల్లాల్లో నేను గెస్ట్ లెక్చరర్‌గా చెయ్యని కాలేజీ లేదు సాల్మన్‌గారూ. గెస్ట్ అంటే ఏంటో తెలుసా? ఎప్పుడు లేస్తామా అని ఎదురుచూస్తారు. నా డస్టరు, నా మార్కర్లు, సంచీ తగిలించుకునే మేకు కూడా నేనే తీసుకెళ్తాను. ఒక్క చోట, ఒకే ఒక్క చోట మేకు కొట్టి వదిలెయ్యాలనుంది. మరి మీకీ పోస్టు రాకపోతే?”

“మా మామయ్యకి దర్శిలో వాటర్ ప్లాంటుంది. క్యాన్లకి మూతలు బిగించాలి. డాక్టరేట్ చేసినవాడు మూత గట్టిగా బిగిస్తాడని ఆయన నమ్మకం.”

షారోన్ నవ్వలేదు. అతనికేసి అదోలా చూసి, “మీరు బాగా పాఠం చెప్తారు. నేను వరండాలో నుంచుని విన్నాను” అంది.

ఆ మాటకి సాల్మన్ గుండె ఎక్కడికో జారిపోయింది. ఈ అమ్మాయి మేకు ఇక్కడే కొట్టాలి, అనుకున్నాడు. ప్రేమ అంటే ఇదే కాబోలు అని కూడా అనుకున్నాడు. కళ్ళు మండుతుండటం వల్ల గట్టిగా చెప్పలేకపోయాడు.

తర్వాతి వారం ఫిన్లాండులో ఒక ప్రొఫెసరమ్మ మెయిలుకి జవాబిచ్చింది. పేరు హెల్మి. వీడియో కాల్‌లో మాట్లాడదాం అంది. సాల్మన్ ఎగిరి గంతేసి, టై కట్టుకుని, కేబుళ్ళ గురించి మొదలుపెట్టాడు. ఆవిడ మర్యాదగా ఆవులించింది. అప్పుడతను కేబుళ్ళు పక్కన పడేసి, “ఇక్కడ షారోన్ అని ఒకావిడ ఉన్నారు” అన్నాడు. అంతే, ఇక ఆపలేదు. తువాలు, వేళ్ళు, బొటనవేలు, షారోన్ పాఠం చెప్పే తీరు, షారోన్ నవ్వు, షారోన్ మేకు. ఆవిడ ఆవులింత ఆపి, ముందుకు వంగి వింది. కాల్ అయ్యేసరికి టికెట్టు బుక్ చేస్తున్నానంది.

సాల్మన్ నేరుగా ఛైర్మన్ దగ్గరికి వెళ్ళాడు. “సార్, ఫిన్లాండ్ నుంచి వస్తున్నారు. షారోన్‌గారి పేపరు కోసం.”

“అయితే పోస్టు అమ్మాయిదన్నమాట.”

“అవునండీ. నేను మాట్లాడానని మాత్రం ఆవిడకి చెప్పకండి.”

చలమయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. ముప్పై ఏళ్ళు మిరపకాయ తొడిమె చూసి రకం చెప్పిన మనిషి. “సరే. నీ దండ ఏ పూలతో కట్టించమంటావ్?”

“ఏదైనా పర్లేదండీ.”

“బంతిపూలు చెప్తా. నిండుగా ఉంటయ్.”

హెల్మిగారు వచ్చిన రోజు కాలేజీ కాలేజీలా లేదు. అంటే మామూలు రోజుల్లో ఉంటుందని కాదు, ఆ రోజు ఇంకా ఎక్కువైంది. హైవే దాకా తోరణాలు. యార్డులో ఛైర్మన్‌గారి పాత స్నేహితులంతా తెల్లచొక్కాలతో ముందు వరసలో కూర్చున్నారు, వాళ్ళకి పెద్ద నజీర్ భాయ్. ప్రార్థన చేయడానికి షారోన్ వాళ్ళ నాన్న ప్రేమదాసుగారిని నల్లపాడు నుంచి పిలిపించారు. ప్రార్థన కాగానే కొబ్బరికాయ కొట్టారు. స్టేజీ మీద ఒక మూల బంతిపూల దండ సిద్ధంగా ఉంది. అది ఎవరి కోసమో సాల్మన్‌కి తెలుసు.

హెల్మిగారు పొడుగ్గా, తెల్లగా ఉన్నారు. ముక్కు మాత్రం ఎర్రగా ఉంది. గుమ్మం దాటినప్పటి నుంచి ఆవిడ తుమ్మడం ఆపలేదు.

ఛైర్మన్ మైకు అందుకుని, “ఒప్పందం కాగితం మీద ఎవడైనా చేస్తాడు. మనం తువాలు కింద చేసుకుందాం అమ్మా” అని భుజం మీద తువాలు దులిపాడు.

“ఏంటి చేసుకునేది?” వెంకాయమ్మగారు లేచారు. “పరాయి ఆడమనిషి చెయ్యి తువాలు కింద పట్టుకుంటావా, ఈ వయసులో, నేను బతికుండగా?”

“కాలేజీ నీ పేరు మీదేగా!”

“అందుకే చెప్తున్నా. కూర్చో.”

ఛైర్మన్ కూర్చున్నాడు. మరి హెల్మిగారు అంత దూరం నుంచి చూడ్డానికి వచ్చిందేమో తువాలు బేరం! చివరికి షారోన్, సాల్మన్ ఇద్దరూ చేసి చూపించాలని తేలింది. షారోన్ కొనుగోలుదారు, సాల్మన్ అమ్మకందారు. నిజం సరుకులా ఉండాలని మధ్యలో ఒక మిర్చి టిక్కీ పెట్టారు. హెల్మిగారు వరసగా తుమ్మేసరికి దాన్ని సైదా చేత బయటికి మోయించారు. ఇక తువాలు మిగిలింది, రెండు చేతులు మిగిలాయి. సరుకు లేదు. ఆ సంగతి అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

“గుర్తుందిగా?” అంది షారోన్ గుసగుసగా. “మొదటి ధరకి చెయ్యి లాగాలి. రెండో ధరకీ లాగాలి. మూడోదానికి బొటనవేలు.”

“ఊఁ” అన్నాడు సాల్మన్.

తువాలు కప్పారు. షారోన్ చెయ్యి వచ్చి అతని వేలు పట్టుకుంది. చల్లగా, కొంచెం సుద్దపొడి గరుకుతో.

సాల్మన్ లాగలేదు.

“లాగండి” అంది పళ్ళ బిగువున.

రేపు దర్శి బస్సు, ఆ తర్వాత క్యాన్లు, మూతలు. ఈ చెయ్యి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది? సాల్మన్ లాగడానికి బదులు బొటనవేలు నొక్కేశాడు. గట్టిగా.

అతని భుజం కదలడం చూసి ఛైర్మన్ అలవాటు కొద్దీ గొంతెత్తి, “కుదిరిందీ!” అని అరిచాడు. ముందు వరసలో తెల్లచొక్కాలన్నీ చప్పట్లు కొట్టాయి. నజీర్ భాయ్ మాత్రం కళ్ళజోడు సర్దుకుని లేచాడు.

“బేరం కుదిరింది సరే చలమయ్యా. సరుకేదీ?”

అందరూ వెతికారు. సరుకు బయట సైదా దగ్గరుంది.

“సరుకేంటి అన్నయ్యా!” అన్నారు వెంకాయమ్మగారు. “అమ్మాయి ముందు అబ్బాయి, అబ్బాయి ముందు అమ్మాయి. చేతులు కలిశాయి, నలుగురూ చూశారు. ఇంకా సరుకేదంటావేంటి?”

“అదీ నిజమే” అన్నాడు నజీర్ భాయ్. “తువాలు కింద కుదిరాక ఈ యార్డులో వెనక్కి పోయినవాడు లేడు.”

“ఇది యార్డు కాదండీ, కాలేజీ!” అంది షారోన్.

“పైన ఉన్నది యార్డు సరుకేనమ్మా” అన్నాడు ఛైర్మన్ నచ్చచెబుతున్నట్టు.

ఈలోగా ప్రేమదాసుగారు మెల్లగా లేచి స్టేజీ దగ్గరికొచ్చారు. ఆయన సాల్మన్‌ని తేరిపార చూసి అడిగారు, “బాబూ, మీది ఏ మిషను?”

“బాప్టిస్టండీ. దర్శి.”

“బాప్తిస్మానికి నీళ్ళల్లో ముంచేవాళ్ళా!” ప్రేమదాసుగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. “మేం నీళ్ళు చల్లేవాళ్ళం బాబూ. రేపు పిల్లలు పుడితే ముంచాలా, చల్లాలా?”

“నాన్నా! పిల్లలేంటి నాన్నా!”

పక్కనున్న స్టూడెంటు చెవిలో ఇంగ్లీషు చేసి చెబుతుంటే హెల్మిగారికి ఇదంతా తెగ నచ్చింది. ఆవిడ ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పారు. అందరికీ అర్థమయ్యేలా షారోన్ మైకులో తెలుగు చేసి చెప్పాలి. అది ఆమె డ్యూటీ, ఇంటర్నేషనల్ ఔట్‌రీచ్.

“ఆవిడేమంటున్నారంటే... తను కూడా లూథరనేనట.”

“మనవాళ్ళే!” అన్నారు ప్రేమదాసుగారు పొంగిపోయి.

“ఇంకా... ఈ పరిశోధన గురించి తనకి చెప్పింది సాల్మన్‌గారట.” షారోన్ గొంతు తగ్గింది. “వీడియో కాల్‌లో. తన విషయం వదిలేసి... కాల్ అంతా...”

ఆగిపోయింది. సాల్మన్ నేల చూపులు చూశాడు. బూట్లు ఇంకా కొత్తగానే ఉన్నాయి.

“ఏమందమ్మా? ఆపావేం?” అన్నారు వెంకాయమ్మగారు. “అంత దూరం నుంచి వచ్చిందావిడ. పూర్తిగా చెప్పు.”

“కాల్ అంతా షారోన్ గురించే మాట్లాడాడట.” ఎర్రబడ్డ మొహంతో, ఎవరో మూడో మనిషి సంగతి చెబుతున్నట్టు చెప్పింది షారోన్. “ఆమెలా పాఠం చెప్పేవాళ్ళు లేరన్నాడట. ఆమె నవ్వు గురించి కూడా చెప్పాడట. అంతసేపు ఒకే మనిషి గురించి మాట్లాడేసరికి ఈవిడ... మమ్మల్ని మొగుడూ పెళ్ళాలనుకుందట.”

హాలు గొల్లుమంది. షారోన్ మైకు బల్ల మీద పెట్టి సాల్మన్ వైపు తిరిగింది. మైకు కట్టెయ్యలేదు. అందుకని తర్వాత జరిగిందంతా హైవే దాకా వినపడింది.

“పోస్టు నాకు దానం చేశావా?”

‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరూ గమనించలేదు.

“దానం కాదు షారోన్. నాది ఎవరూ వినలేదు. నీది విన్నారు. విన్నారంటే అది నీ గొప్ప.”

“నాకొక్క మాట చెప్పాలనిపించలేదా? నేను గెలవాలనుకున్నాను. నువ్వు తప్పుకుంటే వచ్చే గెలుపు నాకెందుకు?”

“నీ మేకు ఇక్కడ ఉండాలనిపించింది. అంతే.”

షారోన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈసారి ఘాటు కాదు. ఆమె గిరుక్కున తిరిగి జనానికి చెప్పింది, “పెద్దలందరూ వినండి. ఈ బేరం చెల్లదు. దేని గురించో చెప్పని ఒప్పందం కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ ఇరవై తొమ్మిది ప్రకారం చెల్లదు. సెక్షన్ పదమూడు ప్రకారం ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవాలి. ఇక్కడ నాకు ఒక్క ముక్క చెప్పకుండా ఒకాయనే అన్నీ ఒప్పేసుకున్నాడు!”

సాల్మన్ తలూపాడు. న్యాయంగానే ఉంది. మూలన ఉన్న బంతిపూల దండ తనే తీసి మెళ్ళో వేసుకుని, “వస్తానండీ” అని గుమ్మం వైపు నడిచాడు.

సైదా తుమ్మాడు.

సాల్మన్ ఆగాడు. అలవాటుగా సీసా కోసం చెయ్యి వెళ్ళింది. అంతలో, ‘ఎన్నిసార్లు ఆగితే ఏమొచ్చింది’ అనుకున్నాడు. నాయనమ్మకి మనసులోనే దణ్ణం పెట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తుమ్ము దాటి అడుగు ముందుకేశాడు.

హెల్మిగారు తుమ్మారు. అతను ఆగలేదు. నజీర్ భాయ్ తుమ్మాడు. ఆగలేదు. గడప దగ్గరికి వచ్చి కాలెత్తాడు.

“హాచ్!”

మైకులో వినపడిన తుమ్ము. అంత అబద్ధపు తుమ్ము ఆ కాలేజీ పుట్టాక ఎవరూ తుమ్మలేదు. సాల్మన్ వెనక్కి తిరిగాడు. షారోన్ మైకు పట్టుకుని నుంచునుంది.

“హాచ్” అంది మళ్ళీ, అతని కళ్ళల్లోకి చూస్తూ. “తుమ్మానుగా. కూర్చో. నీళ్ళు తాగు.”

“మీ ఇంట్లో జలుబు మందు ఇస్తారన్నావ్?”

“నాకు జలుబు లేదు.” మైకు ఇంకా దగ్గరికి లాక్కుంది. “వెళ్ళొద్దు సాల్మన్. నువ్వు లేకపోతే ఆ కిటికీలో ఎవరు కూర్చుంటారు?”

సాల్మన్ గడప మీదే కూలబడి, దండతో సహా, సీసా ఎత్తి గటగటా తాగాడు. సగం నీళ్ళు బంతిపూల మీద పడ్డాయి.

“వాడు కూర్చున్నాడు కదా, ఆ తువాలు ఇటివ్వండి” అన్నారు వెంకాయమ్మగారు. నేరుగా హెల్మిగారి పక్కన కూర్చుని, తువాలు కప్పి, ఆవిడ చెయ్యి పుచ్చుకున్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. చూస్తుండగానే ఇద్దరి భుజాలూ కదిలాయి. హెల్మిగారు ఓసారి చెయ్యి లాగారు, వెంకాయమ్మగారు మళ్ళీ పట్టుకున్నారు. చివరికి ఇద్దరూ నవ్వారు.

“కుదిరింది” అన్నారు వెంకాయమ్మగారు. “ఫిన్లాండ్ కాలేజీతో పొత్తు. ఆవిడ రెండు వేళ్ళు పట్టుకుంది. అంటే పిల్లలిద్దరూ ఉండాలట.”

“రెండు పోస్టులా!” ఛైర్మన్ లబలబలాడాడు. “ఒక పోస్టే అన్నానుగా!”

“తువాలు కింద కుదిరింది. నలుగురూ చూశారు. వెనక్కి పోతావా?”

నజీర్ భాయ్ గొంతు సవరించుకున్నాడు. ముందు వరస మొత్తం చలమయ్య వైపు చూసింది. ఆయన తల గోక్కుని, “సైదా! ఇంకో కుర్చీ తీసుకురా” అన్నాడు.

షారోన్ తువాలు అందుకుంది. గడప దాకా నడిచి వచ్చి సాల్మన్ పక్కన కూర్చుంది.

“ఈసారి చట్టప్రకారం చేద్దాం. దేని గురించో ముందు చెప్పు. అందరికీ వినపడేలా.”

“పెళ్ళి గురించి” అన్నాడు సాల్మన్. భయంతో గొంతు కీచుమంది, అయినా చెప్పాడు. “నువ్వంటే నాకు ప్రాణం షారోన్. నాతో పెళ్ళి గురించి.”

“నాకూ అదే విషయం. అదే అర్థం.” తండ్రి వైపు చూసింది. “నాన్నా?”

ప్రేమదాసుగారు తడిసిన సాల్మన్‌నీ, నీళ్ళు కారుతున్న దండనీ, ఖాళీ సీసానీ మార్చి మార్చి చూశారు. “వీడు ముంచేవాళ్ళ బిడ్డే, కానీ చల్లుకోవడం కూడా వచ్చినట్టుంది” అని నిట్టూర్చి, “కానీయండమ్మా. దేవుడు దీవించుగాక” అన్నారు.

తువాలు కప్పుకున్నారు. ఆమె ఏ వేలు పట్టుకుంటుందా, ఎంత అడుగుతుందా అని సాల్మన్ ఎదురుచూశాడు. షారోన్ ఏ వేలూ పట్టుకోలేదు. ధర అడగలేదు. అతని చేతిని వెతికి పట్టుకుని, నేరుగా బొటనవేలు నొక్కింది. వదల్లేదు.

“కుదిరిందీ!” అన్నాడు చలమయ్య.

హెల్మిగారు ముక్కు తుడుచుకుంటూ, నోట్సు రాసుకునేందుకు పెన్ను తీసి షారోన్ దగ్గరికొచ్చారు. బేరం ఎంతకి కుదిరిందని అడిగారు.

షారోన్ తువాలు కిందనుంచి చెయ్యి తియ్యకుండానే తలెత్తి నవ్వింది.

“అది అడక్కూడదండీ” అంది.